నీలి మెట్ల కుంట

శిబ్‌పూర్‌లో కమ్మరి సందు చివర ఒక కుంట ఉంది. పొద్దు గుంకాక ఆ కుంట దరిదాపుల్లో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు.

నమ్మకపోతే ఓ సాయంత్రం వెళ్ళి నిలబడండి. తల్లులు పిల్లల్ని అన్నానికి పిలవాలంటే ఇత్తడి గిన్నె మీద గరిటెతో కొడతారు. పక్కింటికి నిప్పు కోసం వెళ్ళినవాళ్ళు తలుపు తట్టి, నోరు మూసుకుని నిలబడతారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్తగారు ముందు వంటిల్లు చూపిస్తుంది, ఆ వెంటనే ఈ మాట చెబుతుంది. మిగతావి తరవాత.

ఎందుకంటే ఆ కుంటలో నిశి ఉంది.

నిశి అంటే రాత్రిపూట పేరు పెట్టి పిలిచేది. అదీ పరాయి గొంతుతో కాదు... మన అమ్మ గొంతుతో, మన అన్న గొంతుతో, మనం ఎవరికోసమైతే ఆలోచించకుండా తలుపు తీస్తామో సరిగ్గా వాళ్ళ గొంతుతో. పలికామా, ఇక అంతే — నిద్రలో నడిచినట్టు దాని వెనకాలే నడిచిపోతాం. తెల్లారేసరికి నీళ్ళలో ఉంటాం. అయితే దానికీ ఒక హద్దుంది. రెండుసార్లకు మించి పిలవలేదు. అందుకే ఆ దేశంలో ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా నోరు విప్పరు.

ఆ కుంట మెట్లు నీలంగా ఉంటాయి. అది మాత్రం దెయ్యం పని కాదు, నిబారణ్ కర్మకార్ పని.

నిబారణ్‌ది నీలి నకళ్ళు తీసే కొట్టు. వంతెనలు కట్టేవాళ్ళు, పడవలు కట్టేవాళ్ళు, జనపనార మిల్లుల ఇంజనీర్లు — అందరూ తమ గీతలు పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. పల్చటి మైనపు గుడ్డ మీద గీసిన బొమ్మ ఒక్కటి ఇస్తే, నీలం మీద తెల్ల గీతలతో ఎన్ని కావాలంటే అన్ని తీసి ఇచ్చేవాడు. రాత్రి మందు పూసిన కాగితం, పగలు ఎండ, ఆపైన ఆ కుంట నీళ్ళు. అంతే ఆయన కార్ఖానా. ఏళ్ళ తరబడి కాగితాలు కడిగీ కడిగీ రేవు మెట్లు నీలం తాగేశాయి.

కడిగేది ఆయన భార్య సరజు. ఒక భాద్రమాసంలో, వాన వెలిసిన సాయంత్రం, కాగితాలు పట్టుకుని రేవులోకి దిగింది. చీకటి పడ్డాక చూస్తే కాగితాలు మాత్రం తేలుతున్నాయి. కాలు జారిందన్నారు కొందరు. పిల్లల్లేరన్న దిగులుతో ఆ మందు తాగి దిగిందన్నారు ఇంకొందరు. ఆ సందుకు నోరు జాస్తి, ఏదైనా అంటుంది.

ఆ తరవాత మొదలైంది పిలుపు. చేపలమ్మే హాబుల్‌ని పిలిచిందట. వడ్రంగి గదాధర్‌ని వాళ్ళ అమ్మ గొంతుతో పిలిచిందట — ఆవిడ పోయి ఎన్నేళ్ళో. పిలుపు విన్నవాళ్ళు చాలామంది. పలికినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు, అందుకే చెప్పడానికి మిగిలారని సందు మాట.

సరే, ఆ కొట్టుకి వచ్చి చేరినవాడు ఖగేన్.

వాడి కథ వింటే ఏడుపొస్తుంది, చూస్తే నవ్వొస్తుంది. ఒక మిల్లు నక్షా ఆఫీసులో గీతలు దిద్దేవాడు. మిల్లు మూతపడింది. కళ్ళు కూడా అప్పటికే మసకబారాయి, ఇంకో చోట గీతల పనికి ఎవరూ తీసుకోలేదు. గొడుగుల కొట్టు పెట్టాడు — ఆ ఏడు వానల్లేవు. పెళ్ళాం తరులత పసిపిల్లని ఎత్తుకుని బర్ధమాన్‌లో పుట్టింటికి పోయింది. కోపంతో కాదు, ఆకలితో. "నీకో పని నిలబడిన రోజున కబురు చెయ్యి, నడిచైనా వస్తాను" అని వెళ్ళింది. అప్పటినుంచి ఖగేన్‌కి బతుకులో ఉన్నది ఒక్కటే ఆశ: ఈ పని చేతికి రావాలి, కబురు పంపాలి.

చేతికి రాలేదు. నెలలు గడిచినా రాలేదు. చేతులకి నీలం మాత్రం బాగా వచ్చింది.

బావమరిది ఓసారి చూడ్డానికి వచ్చి, వాడి చేతులు తిప్పి తిప్పి చూశాడు. "ఏం బావా, రంగు చూస్తే కృష్ణుడివి, రాబడి చూస్తే కుచేలుడివి" అన్నాడు. సందంతా నవ్వింది. ఖగేన్ కూడా నవ్వాడు, నవ్వక ఏం చేస్తాడు.

పని చెప్పడానికి తేలికే. ఒక సీసాలో ఆకుపచ్చ పొలుసులు నీళ్ళలో కరిగించాలి. ఇంకో సీసాలో ఎర్రటి పలుకులు. రెండూ విడివిడిగా ఉన్నంతవరకూ అమాయకంగా ఉంటాయి. రాత్రి గది తలుపు మూసి, పసుపు గుడ్డ కట్టిన లాంతరు వెలుగులో రెండూ కలిపి, వెడల్పాటి మేకవెంట్రుకల బ్రష్షుతో కాగితానికి పూయాలి. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి. పూత ఎక్కువైతే మడుగు కట్టి మరక. తక్కువైతే మర్నాడు ఎండలో వెలవెల. మధ్యలో ఆగితే ఆగినచోట గీత. తడి ఆరేదాకా తలుపు తియ్యకూడదు — కుంట మీది తేమ గాలి ఒక్క విసురు లోపలికొస్తే చాలు, దుమ్మంతా వచ్చి తడి కాగితం మీద కూచుంటుంది.

"గోడకి సున్నం కొడుతున్నావేరా?" అనేవాడు నిబారణ్, పక్కనే పీట మీద కూచుని. "నిమరాలి. జ్వరమొచ్చిన పిల్ల నుదురు నిమిరినట్టు."

"నిమురుతూనే ఉన్నాను నిబారణ్‌దా." ఆయన్ని అన్నగా ఎంచి పేరు చివర 'దా' చేర్చేవాడు ఖగేన్.

"తొందర పడుతున్నావు. నీకు పని కావాలని కాగితానికి తెలిసిపోతోంది. కాళ్ళ మీద పడే వాణ్ణి చూసినట్టు చూస్తోంది నిన్ను."

అంత మాటా అనేవాడు. మళ్ళీ తన మరమరాల పళ్ళెంలోంచి సగం వాడి ముందుకు తోసేవాడు. పచ్చిమిరపకాయ మాత్రం ఇచ్చేవాడు కాదు, అది తనకే.

ముసలాయన చేతులు కూడా వణకడం మొదలుపెట్టాయి. ఆయన పూసిన కాగితాల మీద కూడా అంచుల్లో అలలు కనిపించేవి. అది ఖగేన్ చూశాడని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని ఖగేన్‌కి తెలుసు.

ఒకరోజు డాబా మీద, కాగితమూ గీతల గుడ్డా బిగించిన అద్దాల చట్రాలు ఎండలో పెట్టి కూచున్నప్పుడు, ఖగేన్ అడిగాడు.

"దాదా... మీకెప్పుడైనా వినిపించిందా? ఆ పిలుపు?"

నిబారణ్ కుంట వైపు చూశాడు.

"సందులో అందరినీ పిలిచిందట కదా. ఆ చేపల వెధవని కూడా పిలిచింది. నన్ను మాత్రం పిలవదు."

"ఎందుకని?"

"పిచ్చివాడా, పెళ్ళాం మొగుడి పేరెత్తుతుందా? బతికుండగా ఎత్తలేదు. చచ్చాక ఎత్తుతుందా?" నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "నేనూ ఏనాడూ ఆమె పేరెత్తలేదనుకో. 'ఏమేవ్' అనేవాణ్ణి. ఏమేవ్ అంటే చాలు, తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చేది. పేరుతో పనే పడలేదు."

చట్రంలో కాగితం పసుపు పోయి, నీలం దాటి, బూడిద రంగుకి తిరుగుతోంది.

"ఆమెనేమీ అననురా నేను. కానీ నువ్వు రాత్రుళ్ళు ఒక్కడివే గదిలో ఉంటావు. ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలక్కు. నా గొంతైనా సరే. నీకో పసిపిల్ల ఉంది."

ఖగేన్ సరేనన్నాడు.

ఆ ఏడు భాద్రమాసంలో ఒక పెద్ద పని వచ్చింది. కొత్త వంతెన తాలూకు నక్షాలు, కట్టలు కట్టలు. కొట్టు మళ్ళీ కోలుకోవాలంటే అదే దారి. కాగితం కొనడానికి ఉన్నదంతా ఊడ్చి పెట్టాడు నిబారణ్. ఆ కాగితం పాడైతే మళ్ళీ కొనే శక్తి లేదు, కొట్టు మూసెయ్యడమే.

పూయాల్సిన రోజున ఆయన గొడుగు, చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఉత్తర్‌పాడాలో మేనకోడలి బిడ్డకి అన్నప్రాశన. వెళ్ళకపోతే బాగోదు. రేపు మధ్యాహ్నానికి వస్తాను."

"మరి... పూత?"

"నువ్వు వెయ్యి."

"నేనా? ఒక్కణ్ణీనా?"

"నేనుంటే నీ చెయ్యి నన్ను చూస్తోంది, కాగితాన్ని చూడటంలేదు." కొంచెం సేపు గొడుగు కర్రతో నేల గీశాడు. "ఇది మరక లేకుండా వచ్చిందంటే, బోర్డు మీద నా పేరు పక్కన నీ పేరు రాయిస్తాను. బర్ధమాన్‌కి కబురు పంపుదువుగాని."

"రాకపోతే?"

"రాకపోతే నాకు నకళ్ళూ వద్దు, నీకు నీలి చేతులూ వద్దు. ఇద్దరం పోయి హాబుల్ దగ్గర చేపలు కడుగుదాం."

అని వెళ్ళిపోయాడు. సందు మలుపు దాకా ఖగేన్ చూస్తూ నిలబడ్డాడు.

రాత్రయింది.

ఖగేన్ గది కడిగాడు. కాళ్ళు కడుక్కున్నాడు — దుమ్ము కాళ్ళతో ఆ గది గడప దాటకూడదన్నది నిబారణ్ పెట్టిన నియమం, ఆయన కూడా కుంటలో కాళ్ళు కడుక్కోనిదే లోపలికి వచ్చేవాడు కాదు. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాడు. తలుపు గడియ పెట్టాడు. లాంతరుకి పసుపు గుడ్డ కట్టాడు. రెండు సీసాల్లోవీ కలిపాడు.

మొదటి కాగితం... బాగుంది.

రెండోది... ఇంకా బాగుంది.

ఏమైందో ఏమో, ఆ రాత్రి వాడి చెయ్యి వాడి మాట వింది. బ్రష్షు ఎక్కడా ఆగలేదు, ఎక్కడా మడుగు కట్టలేదు. పూత పొర కాగితం మీద చదునుగా పరుచుకుని, లాంతరు వెలుగులో పసిమిగా మెరుస్తోంది. ఒక్కో కాగితాన్నీ తీగ మీద చెక్క క్లిప్పులకి తగిలిస్తూ పోయాడు. ఇన్నాళ్ళకి వస్తోంది. తరులతా, వస్తోందే — అనుకున్నాడు. పైకి అనలేదు, ఊపిరి విసురుకి కూడా భయమే.

సందులో గిన్నెల చప్పుళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. కప్పలు మాత్రం అరుస్తున్నాయి.

ఆ కప్పలు... ఒక్కసారిగా ఆగిపోయాయి.

నీళ్ళలో ఏదో పడ్డ చప్పుడు. పెద్ద చేపేమో.

ఖగేన్ బ్రష్షు నడుస్తూనే ఉంది. సగం కాగితం అయింది, సగం ఉంది.

అప్పుడు —

"ఖగేన్..."

బ్రష్షు ఆగబోయింది. ఆగనివ్వలేదు.

గొంతు రేవు వైపు నుంచి వచ్చింది. నిబారణ్ గొంతు. అచ్చంగా ఆయన గొంతే — ఆ కొంచెం బొంగురు, పేరు చివర లాగడం, అన్నీ. నిబారణ్‌దా ఉత్తర్‌పాడాలో ఉన్నాడు. ఈపాటికి విందు తిని, మేనకోడలి ఇంట్లో బొజ్జ నిమురుకుంటూ పడుకుని ఉంటాడు. ఇక్కడ పిలిచేది ఆయన కాదు. ఆయన గొంతు అంత సరిగ్గా ఉండటమే ఆయన కాదనడానికి సాక్ష్యం.

సందులో ఎక్కడో ఒక కిటికీ టప్పున మూసుకుంది. తరవాత ఇంకొకటి. అంటే తనొక్కడికే కాదు, అందరికీ వినిపించింది.

కాగితం చివరిదాకా లాగి, తీగకి తగిలించి, ఇంకోటి పరిచాడు. చేతులు వణకలేదు. అదే వాడికి తరవాత మింగుడు పడలేదు — ఆ క్షణంలో తన చేతులు వణకలేదు.

"ఓరే... ఖగేన్..."

ఈసారి గొంతు పల్చగా ఉంది. ఊపిరి అందనట్టు. మాట చివర్లో నీళ్ళు గలగలమన్నాయి.

వాడు తలుపు దగ్గరికి వెళ్ళాడు. గడియ మీద చెయ్యి వేశాడు.

వెనక్కి తిరిగి చూశాడు. తీగ నిండా కాగితాలు, ఒక్కదాని మీదా మరక లేదు. అన్నీ ఇంకా తడిగా ఉన్నాయి. బల్ల మీద ఒకటి సగం పూతతో ఉంది, అంచు ఆరిపోవడం మొదలైంది. తలుపు తీస్తే అన్నీ పోతాయి. కొట్టు పోతుంది. బర్ధమాన్ పోతుంది.

మూడోసారి పిలిస్తే తీస్తాను, అని గొణిగాడు. మూడోసారి పిలిస్తే ఒట్టు, తీస్తాను.

అలా అని నిలబడ్డాడా అంటే, నిలబడలేదు. మూడోసారి వినడానికి వాడికి ధైర్యం చాలలేదు. సీసాలు తుడిచే దూది ముద్ద ఉంటే రెండు ముక్కలు చేసి చెవుల్లో కుక్కుకున్నాడు. దుర్గ పేరు తలుచుకుంటూ బల్ల దగ్గరికి పోయి, ఆరుతున్న అంచు మీద బ్రష్షు పెట్టి, పూత పూర్తి చేశాడు.

తెల్లారేదాకా దూది తియ్యలేదు.

పొద్దున్నే తలుపు విరిగేలా బాదుతుంటే దూది ఉన్నా వినిపించింది. గడియ తీశాడు. ఎదురుగా హాబుల్. పేరు పెట్టి పిలవలేదు. రేవు వైపు చెయ్యి చూపించాడంతే.

పై మెట్టు మీద చెప్పులు ఉన్నాయి. పక్కపక్కనే, నీటుగా. వాటి పక్కన గొడుగు. గొడుగు పక్కన అరిటాకు పొట్లం — విప్పితే సందేశ్ మిఠాయి, రెండు లూచీ పూరీలు. అన్నప్రాశన విందులో ఖగేన్ కోసం కట్టించుకున్నవి.

నీలి మెట్ల మీద, నాచు గీరుకుపోయిన జారుడు గుర్తు కిందిదాకా ఉంది. నిబారణ్ నీళ్ళలో ఉన్నాడు. తుంటి విరిగి ఒక కాలు తిరగబడి ఉంది. ఒక చెయ్యి చివరి మెట్టుని పట్టుకునే ఉంది, విడదియ్యడానికి ఇద్దరు పట్టారు.

మేనకోడలి మొగుడు మధ్యాహ్నానికి వచ్చాడు. "భోజనాల దగ్గర కూచున్నాడే కానీ మనసు ఇక్కడే. 'వాడొక్కడూ ఏం చేస్తున్నాడో, పక్కన కూచుంటే ధైర్యంగా ఉంటాడు' అని ఆఖరి పడవ పట్టుకున్నాడు. ఆగమన్నాం, వినలేదు" అన్నాడు.

కాళ్ళు కడుక్కోవడానికి దిగాడు. గదిలోకి రావడానికి.

సందంతా వింది ఆ పిలుపు. విన్నవాళ్ళంతా కిటికీలు వేసుకున్నారు. ఆ రోజు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. మగాళ్ళు పాడె కడుతూ తాళ్ళ ముడుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఆడవాళ్ళు ఏడ్చారు, కానీ గొంతు ఎత్తి ఏడవలేదు.

కొడుకులు లేరు కనక ఖగేనే తలకొరివి పెట్టాడు. "కన్నకొడుకు కన్నా ఎక్కువ చేశావు నాయనా" అని గదాధర్ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఖగేన్ ఆ చెయ్యి తీసేశాడు.

అప్పటినుంచి వాడికి ఒక్కటే ధ్యాస. మూడోసారి పిలిచాడా?

పిలవకపోతే, తను నియమం ప్రకారం నడుచుకున్నట్టే. ఆయన చెప్పినట్టే చేశాడు. నా గొంతైనా సరే అన్నాడు కదా. కానీ పిలిచి ఉంటే... ఆ పిలుపు దూది ముద్దల మీద పడి ఆగిపోయి ఉంటే...

హాబుల్‌ని అడిగాడు. "మొదటి పిలుపుకే కిటికీ వేసేశానయ్యా. పిల్లలున్న ఇల్లు" అన్నాడు హాబుల్. గదాధర్‌ని అడిగాడు. గదాధర్ రెండు పిలుపులూ విన్నాడు, ఆపైన దుప్పటి ముసుగేశాడు. ఇంటింటికీ తిరిగి అడిగాడు. కొందరు తలుపు తియ్యలేదు, కొందరు తీసి ఏడ్చారు.

"ఇప్పుడెందుకురా అవన్నీ? పోయినాయన తిరిగొస్తాడా?" అన్నారు.

ఎవరి దగ్గరా మూడో పిలుపు లేదు. నిజానికి అది కొంచెం ఊరట కావాలి. కాలేదు.

వంతెన మనుషులు కబురు పెట్టారు — పోయినవాళ్ళు పోయారు, నక్షాలు మాత్రం కావాలి. మేనకోడలి మొగుడు కూడా, "మామయ్య ఆఖరి పని, ముగించెయ్యి. ఆపైన కొట్టు సంగతి చూద్దాం" అన్నాడు. అన్నంత మాత్రాన కొట్టు నిలబడదని అందరికీ తెలుసు. ఇంజనీర్లు వచ్చింది నిబారణ్ మొహం చూసి, ఖగేన్ మొహం చూసి కాదు.

ఒకరోజు ఎండ బాగా కాసింది. ఖగేన్ డాబా మీద చట్రాలు పరిచాడు. మందు కాగితం, దాని మీద గీతల గుడ్డ, పైన అద్దం. రంగు తిరిగేదాకా పక్కనే కూచున్నాడు. పక్కన పీట ఖాళీగా ఉంది.

కాగితం తీసుకుని కుంటకి దిగాడు. దిగక తప్పదు, అంత నీళ్ళు ఇంకెక్కడా లేవు. ఆ చివరి మెట్టు మీదే కూచోవాలి. కూచున్నాడు. కాగితం నీళ్ళలో ఆడించాడు.

పసుపు కరిగి కారిపోయింది. వంతెన గీతలు తెల్లగా బయటపడ్డాయి. చుట్టూ నీలం... ఎక్కడా అల లేదు, మడుగు లేదు, చుక్క మరక లేదు. నిబారణ్ తన మంచి రోజుల్లో తీసిన నకలు కూడా అంత శుభ్రంగా ఉండి ఉండదు. పని చేతికి వచ్చేసింది. ఖగేన్ దాన్ని చూస్తూ ఏడ్చాడు. చించెయ్యాలనిపించింది. చించలేదు, తడి కాగితం తేలిగ్గా చిరుగుతుందని చేతులు వాటంతటవే జాగ్రత్త పడుతున్నాయి.

"బాగా వచ్చిందా?"

తల ఎత్తాడు. కుంటకి అటు ఒడ్డున, తమ ఇంటి రేవులో ఖీరోదా పిషి నిలబడి ఉంది. ఆ సందుకంతా మేనత్త ఆవిడ, ఎవరికీ మేనత్త కాదు. బాల్యంలోనే మొగుడు పోయినావిడ. ఆవిడ కిటికీ సరిగ్గా ఈ రేవుకి ఎదురుగా ఉంటుంది. ఖగేన్ ఇంటింటికీ తిరిగినప్పుడు ఆవిడ తలుపు తియ్యలేదు.

"వచ్చింది పిషీ."

"అందరినీ అడుగుతున్నావట."

"ఊఁ."

ఆవిడ కుంట గట్టు చుట్టూ నడిచి వచ్చింది. వచ్చి పై మెట్టు మీద కూచుంది. తెల్లచీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"ఆ రాత్రి నేనూ కిటికీ వేశాను నాయనా. ఇద్దరం ఒకటే. కానీ నా కిటికీ రెక్క ఉబ్బిపోయి సరిగ్గా పడదు. సందు ఉంటుంది."

ఖగేన్ చేతిలో కాగితం కదలడం మానేసింది.

"మూడోసారి పిలిచాడా?"

"పిలిచాడు."

వాడు కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం తిరిగాడో అది దొరికింది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు. నేనే చంపాను, అని నెమ్మదిగా అన్నాడు.

"ఆగు. ముందు విను," అంది పిషి. "నిన్ను కాదు."

"మరి?"

"నిన్ను రెండుసార్లు పిలిచాడు. నువ్వు రావని తెలిసిపోయిందేమో, ఇక నీ పేరెత్తలేదు. చాలాసేపు చప్పుడు లేదు. పోయాడో, ఆ పిలిచింది ఏదైనా సరే, అది పోయిందో అనుకున్నాను. అప్పుడు మెల్లిగా... అరుపు కాదు, పక్కగదిలో మనిషిని పిలిచినట్టు... 'సరజూ' అన్నాడు."

కుంట మీద గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు.

"ఎన్నేళ్ళు కాపురం చేశారు వాళ్ళు నా కళ్ళ ముందు. ఏమేవ్ తప్ప ఇంకో మాట వినలేదు నేను. పేరు పెట్టి పిలవడం అదే మొదలు."

"ప్రాణం పోయేటప్పటి కలవరింత పిషీ అది," అన్నాడు ఖగేన్. వాడి గొంతు వాడికే పరాయిగా ఉంది.

"నేనూ అదే అనుకున్నాను. అనుకుని, కొంగుతో ఆ సందు కూడా మూసెయ్యబోయాను." ఆవిడ ఖగేన్ వైపు చూడలేదు. వాడు కూచున్న మెట్టుకి కింద, నీళ్ళ వైపు చూసింది. "అప్పుడు... ఇదిగో, ఇక్కణ్ణించే... ఆడమనిషి గొంతు పలికింది నాయనా."

"...ఏమని?"

"'వస్తున్నానండీ' అని."